ఘాటు పోయిన తరువాత

చక్రాయపేటలో ఒక ఆదివారం, కువైట్ నుండి వచ్చిన తమ్ముడొకడు మగవారి సెంటు పూసుకొని ఆరాధనకు వచ్చాడు. ఘాటు ముక్కుకు తగలగానే, "ఇది దేవుని మందిరమా, పెళ్లి పందిరా?" అని అందరి ఎదుట గద్దించాము. అతడు తల వంచుకున్నాడు.

ఆరాధన ముగిశాక అతని చేయి పట్టుకుంటే ఆ ఘాటు లేదు. స్పిరిటు ముందే ఆవిరైపోతుంది, బరువైన నూనెలు నిలుస్తాయి. లవంగం, దాల్చినచెక్కల వెచ్చదనం, వాటి వెనుక శ్రీగంధపు నెమ్మది వాసన మిగిలాయి. మన కొండల ఎర్రచందనానికి రంగే గాని ఈ పరిమళం లేదు.

"మా నాయనకని కొన్నాను అయ్యగారూ. నేను వచ్చేలోగా ఆయన పోయినాడు" అన్నాడు.

ఇంటికి వచ్చి 45వ కీర్తన 8వ వచనం తెరిచాము. రాజు వస్త్రాలకు గోపరసం, అగరు, లవంగిపట్ట వాసన! మేమైతే మొదటి ఘాటుకే తీర్పు తీర్చాము.

అందరి ఎదుట గద్దించాము గనుక, మరుసటి ఆదివారం అందరి ఎదుటే అతనిని క్షమాపణ అడిగాము.