రామసముద్రం రాతలు - 14: డాక్టరు ముందర స్టూలు

పోయిన వారం హాస్టళ్ళ గురించి రాసినాక ఒక ఇంటర్ పిల్లోడు మెసేజ్ పెట్టినాడు. వాళ్ళ గదిలో ఒకడికి రాత్రి పూట ఫిట్స్ వచ్చినాయంట. తెల్లారేసరికి వాడి పెట్టె సర్ది ఊరికి బస్సెక్కించేసినారంట. "అన్నా, అది అంటుకుంటుందా?" అని అడిగినాడు.

అంటుకోదు తమ్ముడూ. ఆ మాట నీకు అప్పుడే చెప్పినాను. కానీ అంటు అనే మాట వినంగానే నాకు మా తాత చెప్పు గుర్తొచ్చింది. ఆ వెనకనే మా చెల్లెలు. ఇది ఆమెకు చదివి వినిపించి, సరే అన్నాకే పెడతా ఉండాను. పేరు మాత్రం వద్దనింది.

మా తాత చెప్పులు కుట్టేవాడు. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఒక మిట్టమధ్యాహ్నం ఊర్లోంచి ఒకాయన పరిగెత్తుకుంటా మా ఆది ఆంధ్ర వాడకు వచ్చినాడు. పెద్ద రైతు కొడుక్కి మూర్ఛ వచ్చింది, తోలు చెప్పు కావాల. తాత కొత్త చెప్పు తీసిస్తే, "కొత్తది కాదు, తొడిగింది ఇయ్" అన్నాడు. తాత కాళ్ళవి విప్పిచ్చి, వట్టి కాళ్ళతో ఎండలో ఆయన వెంబడి పోయినాడు. తాత వెనకాల నేను. కళ్ళాపి చల్లిన చోటికి ఇవతలే నిలబడినాం. చెప్పు లోపలికి పోయింది. కాసేపటికి పిల్లోడు లేచి కూర్చున్నాడని కేక వినపడింది. ఒకామె కట్టెపుల్లతో చెప్పును నెట్టుకుంటా వచ్చి గడప బయటికి తోసింది. తాత తొడుక్కున్నాడు. ఇంటికొచ్చేసినాం.

మా చెప్పు ఆ ఇంటి కొడుకు ముక్కు దాకా పోయింది. దాన్ని కుట్టినాయన వాకిలి దాకా కూడా పోలేదు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక డాక్టరమ్మ చెప్పింది. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయంట. ఆ లోపల ఏది పెడితే దానికి పేరొస్తుంది. చెప్పు పెడితే చెప్పుకు, ఇనుప తాళాలు పెడితే తాళాలకు, ఎర్రగడ్డ వాసన చూపిస్తే ఎర్రగడ్డకు.

మా చెల్లెలు ఎనిమిదో తరగతిలో ఉండంగా మొదటిసారి పడిపోయింది. బడికి సెలవు. అమ్మతో టమాటా కోతకు పోయింది. గట్టు మీద కూర్చున్నది కూర్చున్నట్టే వెనక్కి వాలిపోయి కొట్టుకోవడం మొదలుపెట్టింది. చెప్పు, చెప్పు అని అందరూ అరిచినారు. అప్పటికి తాత చనిపోయి మూడేళ్ళు. ఆ చేన్లో పదిహేను మంది కూలోళ్ళుంటే ఒక్కరి కాళ్ళకూ తోలు చెప్పు లేదు, అన్నీ ప్లాస్టిక్కువే. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు అమ్మ గట్టు పొడుగునా పరిగెత్తింది.

టౌన్లో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకపోయినాం. ఆయన టేబులు పక్కన ఒక స్టూలు. చెల్లెలు దాని మీద కూర్చుంది. పక్కన ఇంకో కుర్చీ ఖాళీగా ఉన్నా అమ్మ నిలబడే ఉంది. కూర్చోమని ఆయన అనలేదు. అన్నా కూర్చునేది కాదు. అంబేడ్కర్ బడికి ఇంటి నుంచి గోనెపట్ట తీసుకపోయి దాని మీద వేరుగా కూర్చున్న సంగతి మనం సభల్లో చెప్పుకుంటాం. మా అమ్మకు ఆ గోనెపట్ట ఒంట్లోనే ఉంది.

స్కానింగులో మెదడులో చిన్న చుక్క కనపడింది. పురుగు తిత్తి అన్నాడు. "మీది ఏ వాడ?" అని అడిగినాడు. చెప్పినాం. "పంది మాంసం తింటారా?" అన్నాడు. ఆ ప్రశ్న అడగడం తప్పు కాదు, ఆ జబ్బుకు డాక్టరు ఎవరైనా అడుగుతాడు. కానీ ఈయన జవాబు కోసం ఆగలేదు. నర్సు వైపు చూసి నవ్వి, "వీళ్ళ తిండితోనే వచ్చేది" అని చీటీ రాసుకుంటా పోయినాడు. చెల్లెలు పుట్టినప్పటి నుంచి ఆ మాంసం ముట్టలేదు. అమ్మ ఆ మాట చెప్పలేదు. నేనూ చెప్పలేదు, డిగ్రీ చదువుతా కూడా.

అందుకే ఇది కాస్త వివరంగా రాస్తాను, అందరూ గుర్తుపెట్టుకోండి. సరిగ్గా ఉడకని పంది మాంసం తింటే వచ్చేది పేగుల్లో బద్దెపురుగు. మెదడులో తిత్తి అలా రాదు. బద్దెపురుగు ఉన్న మనిషి మలంలో దాని గుడ్లు బయటికొస్తాయి. నీళ్ళ ద్వారానో, కడగని ఆకుకూర ద్వారానో, శుభ్రం కాని చేతుల ద్వారానో ఆ గుడ్లు ఇంకొకరి కడుపులోకి పోతే, అక్కడ్నుంచి మెదడుకు చేరతాయి. కాబట్టి జీవితంలో మాంసమే తినని మనిషికీ వస్తుంది. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక వ్యాసం వచ్చింది. న్యూయార్కులో నిష్ఠగా ఉండే యూదుల కుటుంబాల్లో నలుగురికి ఇదే జబ్బు. మతం ప్రకారం పంది వాళ్ళకు నిషిద్ధం. చివరికి వాళ్ళ ఇండ్లలో పనిచేసే లాటిన్ అమెరికా పనివాళ్ళ ద్వారా వచ్చి ఉంటుందని తేల్చినారు. అది చదివి "చూసినారా, పనివాళ్ళ వల్లే" అనేవాళ్ళు మన దగ్గరా ఉంటారు. మరుగుదొడ్డి, మంచినీళ్ళు, వైద్యం ఎవరికి అందకుండా పోయినాయో అడగకుండా జబ్బుకు కులం రాసేది సులువు.

సరే, మందుల దగ్గరికొస్తాను. అసలు కథ అక్కడే ఉంది.

ఆయన ఫెనిటోయిన్ రాసినాడు. మంచి మందే, పాత మందు. 1938లో అమెరికాలో మెరిట్, పుట్నం అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని ఫిట్సుకు వాడి చూపించినారు. చవక. కానీ కొందరికి చిగుళ్ళు ఉబ్బుతాయి. చెల్లెలికి ఉబ్బినాయి. బడిలో పిల్లోళ్ళు ఏదో అన్నారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని మాట్లాడేది. తర్వాత మాట్లాడడమే తగ్గించేసింది. ఒక రోజు వేసుకునేది, ఒక రోజు పెరట్లో పారేసేది. ఇంట్లో ఎవరికీ తెలీదు. ఫిట్స్ మళ్ళీ వచ్చినాయి.

డాక్టరు అడిగినాడు: "మాత్రలు రోజూ వేస్తా ఉండారా?"

"వేస్తా ఉండాది సార్." అమ్మ చెప్పింది. చెల్లెలు తల ఊపింది.

వేసుకుంటా ఉన్నా ఫిట్స్ వస్తున్నాయంటే డోసు చాలట్లేదని ఏ డాక్టరైనా అనుకుంటాడు. పెంచినాడు. ఈసారి అమ్మకు అనుమానమొచ్చి, పొద్దునా సాయంత్రం ఎదురుగా కూర్చొని మింగించింది. పది పదిహేను రోజులకు పిల్ల తూలతా నడవడం మొదలుపెట్టింది. ఒక మనిషి ఇద్దరుగా కనపడతా ఉండారనేది. వాడలో ఎవరో "తాగినట్టుందే" అన్నారు. ఈ మందుకొక గుణముంది. ఒక హద్దు దాటినాక డోసు కొంచెం పెంచినా రక్తంలో మందు చాలా పెరిగిపోతుంది. ఇది మాకు తర్వాత తెలిసింది.

ఆ డోసుకు కారణం డాక్టరు ఒక్కడే కాదు, మేం చెప్పిన అబద్ధం కూడా. మరి మేం ఎందుకు చెప్పినాం? తిడతాడని. మనోళ్ళు ఆఫీసులో, బ్యాంకులో, ఆసుపత్రిలో, ఎక్కడ టేబులు అవతల మనిషి కూర్చున్నా "సరే సార్, అట్లే సార్" అంటారు. ఆ జవాబు మనల్ని చాలా చోట్ల కాపాడింది. డాక్టరు దగ్గర మాత్రం అదే మన ప్రాణానికొస్తుంది.

మా వైపు తలకు సంబంధించి ఏ జబ్బొచ్చినా ఆఖరికి నిమ్హాన్సే. పుంగనూరు, ముళబాగిలు, కోలారు మీదుగా బెంగళూరు. తెల్లవారుజామున బయలుదేరినాం. గంటలు గంటలు క్యూ. లోపల ఒక డాక్టరమ్మ, కన్నడం కలిసిన తెలుగు. అమ్మ నిలబడింది. ఆమె చీటీ చూడకముందే, "కూర్చోండమ్మా, మీరు కూర్చుంటేగాని నేను మొదలుపెట్టను" అనింది. అమ్మ స్టూలు అంచున కూర్చుంది, దిగిపోవడానికి తయారుగా ఉన్నట్టు.

"ఈ నెల్లో ఎన్ని మాత్రలు మానేసినావు?" అని చెల్లెల్ని అడిగింది.

"వేస్తా ఉండాది మేడం" అని అమ్మ.

"నేను తిట్టనమ్మా. మర్చిపోని మనిషి ఉండడు. నేనైతే నాకిచ్చిన మాత్రలు సగం మర్చిపోతా. ఎన్ని మానేసిందో తెలిస్తేనే మందు మార్చాల్నా వద్దా అని నాకు తెలిసేది."

రెండు ప్రశ్నల్లో ఉన్న తేడా చూడండి. "రోజూ వేస్తా ఉండావా?" అంటే అవును అనక తప్పదు. "ఎన్ని మానేసినావు?" అంటే చెప్పొచ్చు. చెల్లెలు నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీసి చిగుళ్ళు చూపించింది. మూడేళ్ళలో మొదటిసారి.

తర్వాత అరగంట ప్రశ్నలే. ఎప్పుడొస్తాయి? నిద్ర తక్కువైన రోజా? నెలసరి ముందరా? తలకు వేడి నీళ్ళు పోసుకునేటప్పుడా? చివరిది నాకు వింతగా అనిపించింది. తలకు వేడి నీళ్ళు గుమ్మరించుకుంటే వచ్చే ఫిట్స్ దక్షిణాదిలో, అందులోనూ కర్ణాటక వైపు ఎక్కువంట. 1988లోనే నిమ్హాన్స్ వాళ్ళు అలాంటి 279 మంది గురించి రాసినారు. మా మేనత్తకు ఆదివారం తలస్నానం రోజే ఎందుకొస్తాయో అప్పుడు అర్థమైంది. ఇంట్లో దాన్ని అమ్మవారు అనుకున్నారు. నీళ్ళ వేడి తగ్గించుకుంటే చాలామందికి సగం నయం.

చెల్లెలి ఫిట్స్ టమాటా సీజన్లోనే ఎక్కువ వచ్చేవి. మదనపల్లె మార్కెట్టుకు పొద్దున్నే సరుకు చేరాలని రాత్రంతా గ్రేడింగు చేసే పని. నిద్ర లేదు, తిండి సమయానికి లేదు, మాత్ర లేదు. డాక్టరమ్మ "రాత్రి పని మానిపించండి" అని ఊరుకోలేదు. "మానితే ఇల్లు గడుస్తుందా?" అని అడిగింది. అమ్మ గడవదనింది. సీజన్లో నెల రోజులైనా పగటి కోత పనికి మాత్రమే పంపడానికి ఒప్పందం కుదిరింది.

మందు మార్చేటప్పుడు రెండు పేర్లు చెప్పింది. వాల్ప్రోయేట్ చాలామందికి బాగా పనిచేస్తుంది. కానీ గర్భంతో ఉన్నప్పుడు వేసుకుంటే నూటికి పది మంది బిడ్డల్లో పుట్టుక లోపాలు, నూటికి ముప్పై నలభై మందిలో మాట, చదువు, ఎదుగుదల ఇబ్బందులు. "నీకు రేపు పెళ్ళవుతుంది, అందుకని ఇది వద్దు" అని లెవిటిరాసిటామ్ రాసింది. దాంతో కొందరికి కోపం ఎక్కువవుతుందని ముందే చెప్పింది. నిజంగానే రెండో నెలలో చెల్లెలు నా మీదికి చెంబు విసిరింది. ఆ సంగతి తనే పోయి డాక్టరమ్మకు చెప్పుకుంది. డోసు సర్దినారు.

ఇది చదివే అమ్మాయిల్లో వాల్ప్రోయేట్ వాడేవాళ్ళుంటే దయచేసి రేపట్నుంచి మానేయొద్దు. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా రావచ్చు, ప్రాణం మీదికొస్తుంది. పోయి అడగండి. పెళ్ళి మాట, పిల్లల మాట మీరే ఎత్తండి. వాళ్ళు ఎత్తుతారని చూడొద్దు.

హాస్టల్ తమ్ముళ్ళకు ఇంకొక మాట. ఎవరికైనా ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్ళు, ఏమీ పెట్టొద్దు. గట్టిగా అదిమి పట్టుకోవద్దు. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఇంటికి పంపించేయడం చికిత్స కాదు. పరీక్షల ముందర రాత్రంతా మేలుకోనివ్వకుండా చూడడం చికిత్సలో భాగం.

చెల్లెలికి సంబంధం వచ్చినప్పుడు ఇంట్లో పెద్ద గొడవ. చెప్పాల్నా, దాచాల్నా? దాచాలనే అందరూ. ఒకప్పుడు హిందూ వివాహ చట్టంలోనే మూర్ఛను పిచ్చితో కలిపి, అది ఉంటే పెళ్ళి చెల్లకపోవచ్చని రాసినారు. ఆ మాటను 1999లో సవరణ చేసి తీసేసినారు. చట్టంలోంచి పోయింది గానీ, పెండ్లిచూపుల చాప మీదినుంచి పోలేదు. చెల్లెలు ఎవరికీ చెప్పకుండా తనే ఆ అబ్బాయికి ఫోన్ చేసి చెప్పేసింది. సంబంధం తప్పిపోయింది. అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. నేనూ కోప్పడినాను, అది ఒప్పుకుంటా ఉండాను. "మాత్ర ఆయనకు కనపడకుండా యాడ దాచుకునేదన్నా, పెరట్లోనా?" అనింది.

తర్వాత వాయల్పాడు దగ్గర సంబంధం కుదిరింది, ఈసారీ అంతా చెప్పినాకే. మూడేళ్ళయింది పెళ్ళయి.

పోయిన నెల చెల్లెలు ఒక్కతే బెంగళూరుకు పోయొచ్చింది. సంచిలో నలభై పేజీల నోటుబుక్కు. ఎప్పుడు వచ్చినాయి, ఎంతసేపు, ఆ ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకుంది, ఏ మాత్ర మానేసింది, అన్నీ తేదీలతో. చివరి పేజీలో అడగాల్సినవి రాసుకుంది. మొదటిది: "బిడ్డ కావాలనుకుంటే ఎన్ని నెలల ముందు మీకు చెప్పాల?"

డాక్టరమ్మ ఏం చెప్పిందని ఫోన్లో అడిగితే, ముందుగానే వేసుకోమని ఫోలిక్ యాసిడ్ రాసిందంట. "మందుల షాపులో ఉండాను, చిల్లర తీసుకొని చేస్తా" అని పెట్టేసింది.

జై భీమ్.