హాంగ్దే వీధిలో ఒక రాత్రి

కొరియాదేశపు సియోలు నగరమున హాంగ్దే యను పేట కలదు. చిత్రకళకు పేరెన్నికగన్న హాంగిక్ విశ్వవిద్యాలయము అచ్చటనే యున్నది. దాని పేరును అచ్చటివారు కుదించి పలుకగా పేటకు నదియే పేరైనది.

మేము భూగర్భ రైలు దిగి పైకి వచ్చునప్పటికి రాత్రి తొమ్మిది దాటినది. వీధి పట్టపగలువలె నుండెను. ఒకచో గుంపులుగా నాట్యము, ఒకచో గానము. ఆడపిల్లలు చేయి చేయి పట్టుకొని నిశ్చింతగా తిరుగుచుండిరి. చూచి మొదట భయమును, పిమ్మట, దాచనేల, కొంచెము అసూయయు కలిగెను.

1990 తరువాతి యేండ్లలో అద్దెలు చౌకయని చిత్రకారులును గాయకులును ఇచ్చటి నేలమాళిగలలో చేరి పేటకు ప్రాణము పోసిరి. వారి పాట వినుటకు జనము వచ్చిరి. జనము వెంట అంగళ్లు వచ్చినవి, అద్దెలు పెరిగినవి. తుదకు ఆ కళాకారులే పెక్కుమంది యోన్నామ్, మాంగ్వోన్ మున్నగు ఇరుగుపొరుగు పేటలకు తరలిపోవలసి వచ్చెను.

గిటారు మీటుచు పాడుచున్న యొక యువతిని, ఈ పేటనే యుందువా యని మా తోడివారిచే నడిగించితిని.

"ఇచ్చట అద్దె నేనెట్లు కట్టుదునమ్మా? పాడుటకు మాత్రమే వత్తును" అని నవ్వినది.

ఆమె ముందున్న పెట్టెలో నేనును ఒక నోటు వేసితిని. తల వంచి నమస్కరించి, తంత్రులు సవరించుకొని, మరల నెత్తుకొన్నది.