అబ్బా రాసిన ఫ్యూజు బోర్డు

గద్వాలలో మా ఇంటి దాలాన్ గోడలో, తాక్ లాంటి గూట్లో ఫ్యూజు బోర్డు ఉండేది. పింగాణీ ఫ్యూజుల కింద అబ్బా పెన్సిల్‌తో ఉర్దూలో పేర్లు రాసి పెట్టారు: దాలాన్, బావర్చీఖానా, గుసల్‌ఖానా. అబ్బా ఇంతెఖాల్ అయ్యాక అమ్మీ దాన్ని ఎవర్నీ ముట్టనివ్వలేదు.

మొన్న గుసల్‌ఖానాలో గీజర్ నల్లా తిప్పితే చెల్లెకు షాక్ కొట్టింది. అల్లా రహం, బతికింది.

మిస్త్రీ వచ్చి ఫ్యూజు లాగి చూపించాడు. సన్న తీగ ఉండాల్సిన చోట లావు రాగి తీగ! ఎండాకాలం కూలర్ వేస్తే ఊకె ఫ్యూజు పోతోందని, మేం చీకట్లో పరేషాన్ కావద్దని అబ్బానే చుట్టారు.

"ఇది ఎన్నటికీ పోదు భాయ్, ముందు వైర్లే కాలతయి" అన్నాడు మిస్త్రీ.

గూడు వెడల్పు చేసి కొత్త డీబీ బాక్సు బిగించాడు. లోడ్ ఎక్కువైతే ఎంసీబీ పడిపోయి వైర్లను కాపాడుతుంది. మనిషి హిఫాజత్‌కు ఆర్‌సీసీబీ వేరేగా కావాలి. 30 మిల్లీయాంపుల కరెంటు లీకైనా అది ఆపేస్తుంది. ఎర్తింగ్ కూడా కొత్తగా వేయించాం.

పాత బోర్డు చెక్కను అమ్మీ తుడిచి సందూకులో దాచుకుంది. "కొత్తదాని మీద నువ్వు రాయి బేటా, అబ్బా లెక్క" అంది. నాకు ఉర్దూ చదవడమే అంతంత మాత్రం. తెలుగు అక్షరాల్లోనే రాశాను: దాలాన్, బావర్చీఖానా, గుసల్‌ఖానా.