తిరుగుట

వచ్చే ఆదివారం నేనూ నా బాల్యమిత్రుడూ అలీసాగర్ గుట్టలలో నడవబోతున్నాము. నిజామాబాదు నుండి నేను, బోధను నుండి అతడు. నిజాంసాగర్ కాలువనీటితో నిండే ఆ 1931 నాటి జలాశయం మా యిద్దరికీ నడుమ ఉన్నది.

పోయిన యేడు ఇలాగే వెళ్ళి, "ఇంకొక్క మలుపు" అంటూ అతణ్ణి ముందుకు లాగుకొనిపోయాను. నీళ్ళు అయిపోయాయి. ఎండకు కళ్ళు తిరిగి బండమీద కూలబడ్డాడు. తాను పనిచేసిన బోధను చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతబడ్డ నాటి నుండి గడప దాటని మనిషిని బయటికి రప్పించి నేను చేసిన ఉపకారమది! ఆపైన నెలల తరబడి మా యింటివైపు రాలేదు.

అందుకే ఈసారి అంతా కాగితంపై పెట్టాను. తెల్లవారగానే బయలుదేరడం. గుట్ట చుట్టి, నీటి అంచునే మొదలుపెట్టిన చోటికి చేరడం. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, జొన్నరొట్టెలు, చేతికర్ర. పోయే దారి ఇంట్లో చెప్పి ఉంచడం. సగం దారి రాకముందే నీళ్ళు సగమైతే వెనుదిరగడం. నడక వేగం అతడిదే. మరలుదామని ఎవరన్నా రెండవవాడు వాదించరాదు.

'తిరుగు' ధాతువుకు సంచరించుట, మరలుట అని రెండర్థాలున్నవని ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు చెప్పాను. మొదటిదొక్కటే నాకు వంటబట్టినదని ఆ బండ దగ్గర తెలిసింది.

నిన్న ఫోనులో ఇదంతా చదివి వినిపించాను. కాసేపు మాటలేదు.

"రొట్టెలు నేను తెస్తలేరా" అన్నాడు.