మీటర్ గేజి

మా తాత వినుకొండ దగ్గర మీటర్ గేజి లైన్లో గ్యాంగుమాను. కంకర గమేళాలు మోసీ మోసీ ఒక భుజం వాలిపోయింది. ఆ లైన్లోనే ఒక స్టేషన్లో దాహమైతే ఎవరో ఎత్తి పోయాలి, ఈయన దోసిలి పట్టాలి. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఆ భుజం పెట్టిన చదువే.

2019 వానాకాలంలో అంబేడ్కర్ పుట్టిన మౌ చూద్దామని పోయాను. స్టేషను పేరు డాక్టర్ అంబేడ్కర్ నగర్. పేరు చదువుతుంటే మసూర్ స్టేషను మతికొచ్చింది. 1901లో అక్కడ దిగిన పిల్లలు మహర్లని తెలిసి స్టేషన్ మాస్టరు ముఖం మారిపోయింది. బండివాడు రెండింతల కిరాయి తీసుకుని, పగ్గాలు పిల్లల చేతికిచ్చి తను పక్కన నడిచాడు. డబ్బుకి మాత్రం మైల లేదు!

మౌకి దగ్గర్లోనే పాతాల్‌పానీ. 2018 డిసెంబరు 25 నుంచి అక్కడ కాలాకుండ్ దాకా హెరిటేజ్ రైలు. అదీ మీటర్ గేజే. 1889లో తెల్లోళ్లు ఉరితీసిన తాంత్యా భీల్ శవాన్ని ఈ పట్టాల దగ్గరే పడేశారని జనం చెప్పుకుంటారు. ఆయన గుడి కాడ రైళ్లు ఆగి పోవడం ఆనవాయితీ.

అందరూ జలపాతానికి ఫోటోలు తీస్తున్నారు. నేను కంకర చూస్తున్నా. కాలాకుండ్‌లో దిగితే, గట్టు మీద ఒక ముసలి గ్యాంగుమాను నీళ్లు తాగుతున్నాడు. నాకొచ్చిన హిందీలో మా తాత సంగతి చెప్పాను. ఆయన సీసా నా చేతికిచ్చి, గమేళా పక్కకి జరిపాడు, కూచోమని.