జవాబు ఆలస్యమైతే బద్ధకం కాదు

మా గూడెంలో ఒక అన్నకి డిగ్రీ చదువుతుండగా స్కిజోఫ్రీనియా వచ్చింది. ఏదైనా అడిగితే చాలాసేపటికి గానీ పలకడు. కొందరు గాలి సోకిందంటారు, కొందరు బద్ధకమంటారు. ఇప్పుడు పోడు పట్టా గురించైనా ఆయన్ని అడగడమే మానేశారు, పక్కవాళ్ళే బదులు చెప్పేస్తున్నారు. అది చూసి మేం హాస్టల్లో కూర్చుని ఈ జబ్బు గురించి చదివాం.

ఒకేలా వినిపించే శబ్దాల మధ్య వేరే శబ్దం వస్తే, సుమారు 300 మిల్లీసెకన్లకి మన మెదడులో ఒక విద్యుత్ అల లేస్తుంది. దాన్ని పీ300 అంటారు. ఈ జబ్బున్న చాలామందిలో ఆ అల చిన్నగా ఉంటుంది, ఆలస్యంగా వస్తుంది. అంకెలకి గుర్తులు రాసే పరీక్షలోనూ ఇచ్చిన టైంలో వీళ్ళు తక్కువ గళ్ళే నింపగలుగుతారు. మందులు లేని గొంతులు వినిపించడాన్ని తగ్గిస్తాయి, ఈ నిదానాన్ని మాత్రం పెద్దగా మార్చవు. అలాగని మందులు ఆపకూడదు.

కాబట్టి ఒకసారికి ఒక్క మాటే అడుగుదాం. జవాబు వచ్చేదాకా ఆగుదాం. వాళ్ళ పట్టా, వాళ్ళ పెళ్ళి, వాళ్ళ మాటే వినాలి.

ఈ జబ్బు ఎక్కువగా మన వయసులోనే మొదలవుతుంది. మీ రూమ్‌లో ఎవరైనా ఉన్నట్టుండి మాట తగ్గించి, చదువులో వెనకబడితే ఎగతాళి చేయకండి. టెలి మానస్ నంబర్ 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.