లక్నవరం ఒడ్డున



వరికోతలు అయ్యాక మా దంపతులం సంఘస్థులతో కలిసి ములుగు జిల్లాలోని లక్నవరం చెరువుకు వెళ్లాము. కొండల నడుమ ఉన్న మూడు ఇరుకు లోయలకు కట్టలు వేసి, 13వ శతాబ్దంలో కాకతీయులు నిలిపిన నీరు అది. నేటికీ పొలాలను తడుపుతోంది. చుట్టూ అడవి, మధ్యలో దీవులు, దీవికి చేరడానికి వేలాడే వంతెన.

యవ్వనస్థులు పరుగున వంతెన ఎక్కారు. దేవుని సృష్టిని గూర్చి అక్కడ ఏం చెప్పాలో ఆలోచిస్తూ మేమూ వెనకే నడిచాము. సగం దూరం వెళ్లాక చూస్తే ఒక సహోదరి కనబడలేదు. ఆమె ఒడ్డునే, నీళ్లకు వీపు పెట్టి కూర్చుంది. అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల క్రితం ఆమె కొడుకు మా ఊరి చెరువులో మునిగి చనిపోయాడు. సమాధి దగ్గర ప్రార్థన చేసింది మేమే. అయినా ఆమెను ఇక్కడికి రమ్మన్నప్పుడు ఆ సంగతి మాకు తట్టలేదు.

వెనక్కి వచ్చి పక్కన కూర్చున్నాము. సిద్ధం చేసుకున్న మాట ఒక్కటీ నోట రాలేదు. చాలాసేపటికి ఆమే అంది: "వానికి ఈత రాదు అయ్యగారూ. ఎండాకాలంల నేర్పిద్దామనుకున్నం."

ముగ్గురం ఏడ్చాము. పిల్లలు అడవిదారిన తిరిగి ఆకలితో వచ్చేసరికి, ఆమే లేచి అందరికీ పులిహోర వడ్డించింది.

లాజరును లేపబోతూ కూడా ప్రభువు ముందు కన్నీళ్లు విడిచాడు. మేమేమో ప్రసంగంతో మొదలుపెట్టబోయాము.

ప్రియులారా, విహారానికైనా, ఆరాధనకైనా ఒకరిని పిలిచే ముందు వారి దుఃఖాన్ని జ్ఞాపకం చేసుకుందాం. ప్రభువు మనకు ఆ మనసు దయచేయును గాక. ఆమేన్.